మీసాలాయన తిరిగే చోటు

"ఈ గోడ మీద సుత్తి పడిందంటే మర్యాదగా ఉండదు, చెబుతున్నా!" అన్నాడు మేస్త్రి.

చెప్పింది గోడకే. తమ్ముడితో మాటలు మానేశాక, అవతలి వాటాకు ఏం చెప్పాలన్నా ఆయన గోడకే చెబుతాడు. జవాబు కూడా గోడ నుంచే వస్తుంది.

"పడకపోతే చేప బయటికి ఎలా వస్తుందట? కరిగి కాలవలోకి పోతుందా?" అంది గోడ, చిన్నోడి గొంతుతో.

మేస్త్రి పెళ్ళాం, ఆ ఇంటి పెద్దకోడలు, ఇద్దరి మాటా వినిపించుకోవడం లేదు. తొట్టి అద్దానికి నుదురు ఆనించి నిలబడిపోయింది. లోపల నీళ్ళు విరిగిన పాలలా ఉన్నాయి. అడుగున మీసాలాయన ఒక పక్కకు ఒరిగి పడున్నాడు. నిన్నటిదాకా ఆ ఎర్రతోక ఒక్కసారి ఆడిస్తే చాలు, ఇంటిల్లిపాదీ పని మానుకుని చూసేవాళ్ళు. ఇవాళ నోరు తెరిచి మూయడానికే ఆయాసపడుతున్నాడు. అద్దానికి రాసుకుని రాసుకుని ముక్కు మీద తోలు లేచిపోయింది.

పాపం, ఆయన తప్పేముంది? అత్తగారు కొని తెచ్చిన రోజున వేలెడంత ఉండేవాడు. "క్యాట్‌ఫిష్ అమ్మా, తొట్టి ఎంతుంటే అంతే పెరుగుతుంది" అని దుకాణంవాడు నమ్మబలికాడు. ఆ సంగతి చేపకు మాత్రం ఎవరూ చెప్పలేదు. తొట్టిలో ఉన్న రంగురంగుల చిన్నచేపలన్నిటినీ ఒక్కొక్కటిగా గుటకాయస్వాహా చేసి, బారెడు పొడుగు పెరిగాడు. ఇప్పుడు ఇటు నుంచి అటు తిరగాలంటే చోటు లేదు. వంటగది వైపు మొహం పెట్టినవాడు వంటగది వైపే చూస్తూ నెలల తరబడి బతుకుతున్నాడు.

బయటికి తీద్దామా అంటే ఆయన తొట్టి గోడలో ఇరుక్కుని ఉంది.

అన్నదమ్ములు కలిసున్న రోజుల్లో ఆ తొట్టి హాలు నట్టనడుమ ఇనప స్టాండు మీద ఉండేది. ఇద్దరివీ తాపీపనులే. ఒక రోజు తమ్ముడు కట్టిన గోడ వంకరగా ఉందని, కూలీలందరి ముందూ వాడి చేతే పడగొట్టించాడు అన్న. తమ్ముడు తాపీ అక్కడే పారేసి, వెళ్ళి నీళ్ళ ట్యాంకర్‌కి డ్రైవరుగా చేరాడు. అన్నకు ముక్కు మీద కోపం. ఇంటికొచ్చి హాలు మధ్యలో గోడ లేపడం మొదలుపెట్టాడు. తొట్టి దగ్గరికి వచ్చేసరికి దాన్ని ఏ వైపుకు జరపాలన్నా ఒకరు ఒప్పుకుంటే ఒకరు ఒప్పుకోరు. అందుకని దాని కింద కట్టి, పక్కల కట్టి, మీద కూడా కట్టేశాడు. మూత తీసి మేత వేయడానికి చెయ్యి పట్టేంత సందు మాత్రం వదిలాడు. ఎన్ని ఇళ్ళు కట్టిన చెయ్యి అది! చేప పెరుగుతుందన్న ఆలోచన మాత్రం ఆ చేతికి తట్టలేదు.

అలా గోడలో తొట్టి ఒక కిటికీలా మిగిలిపోయింది. రెండు వాటాల వాళ్ళు ఒకళ్ళకొకళ్ళు కనిపించే చోటు ఆ ఇంట్లో అదొక్కటే.

చేపల ప్రదర్శనశాల నుంచి ఇవాళ ఒకాయన వచ్చి మీసాలాయన్ని తీసుకెళ్ళాలి. గోడ ఎలా తియ్యాలో ఆయనే చూసుకుంటాడులే అని అందరూ ఒకరి మీద ఒకరు వేసుకుని కూర్చున్నారు. చేప అటు వెళ్ళగానే తొట్టి తీసేసి, ఆ ఖాళీని నున్నగా మూసేస్తానని మేస్త్రి ముందే చాటించాడు. ఇటుకలు కూడా దింపించాడు. పెరట్లో ఎర్రగా పేర్చి ఉన్నాయి. నిన్నటి నుంచీ వాటి పక్క నుంచి వెళ్ళాల్సి వస్తే పెద్దకోడలు తల తిప్పుకుని వెళుతోంది.

ఆమెకు భయం చేప గురించి ఒక్కటే కాదు. ఆ అద్దం పోతే చిన్నకోడలు కూడా పోతుంది.

"అక్కా!"

పెద్దకోడలు ఉలిక్కిపడింది. తొట్టి మీది సందులోంచి వచ్చింది ఆ పిలుపు. గోడ లేచిన రోజున తాను నోరు జారి "పోయేవాళ్ళని పోనీ" అంది. ఆ మాట విన్నప్పటి నుంచి చిన్నకోడలు ఆమెను అక్కా అని పిలవలేదు. నీళ్ళలోంచి చూడటమే, చూసి తల వంచుకోవడమే.

"అక్కా, ఆ ప్రదర్శనశాల ఆయన ఫోన్ చేశాడు. జబ్బు చేపని తీసుకోడట. అక్కడున్న మిగతా చేపలకు అంటుకుంటుందట."

"మరేం చెయ్యమన్నాడు?" అడిగింది పెద్దకోడలు.

"ముందు ఆ నీళ్ళలోంచి తియ్యమన్నాడు. క్లోరిన్ మందు కలపని మంచి నీళ్ళలో, ఒళ్ళు తిప్పుకునే చోటున్న దాన్లో వెయ్యమన్నాడు. ఆలస్యం చేస్తే దక్కడన్నాడు." చిన్నకోడలు గొంతు తగ్గించింది. "మేత ఎంత వేస్తున్నారని అడిగాడు."

ఆ ఒక్క మాటతో గోడకు రెండు వైపులా నిప్పు రాజుకుంది.

"మా వంతు సోమవారం. అంతకుమించి ఒక్క మెతుకు వెయ్యలేదు," అన్నాడు మేస్త్రి గోడతో.

"మాది గురువారం. మేమూ వెయ్యలేదు," అంది గోడ.

"వెయ్యకపోతే నీళ్ళు ఇలా ఎందుకు కుళ్ళుతాయి? మాట మీద నిలబడే అలవాటు ఉంటే కదా!"

"అవునులే, నిలబడే గోడలన్నీ ఆయనే కట్టాడు!"

"నోర్ముయ్యండ్రా ఇద్దరూ!" వరండాలోంచి అత్తగారి కేక. గోడ వరండాలోకి రాకుండా ఆపింది ఆవిడే. సరిగ్గా మధ్యలో మంచం వేసుకుని, "కడితే నా మీద నుంచి కట్టు" అని కూర్చుంది. పొద్దున ఈ కోడలి చేతి వంట, సాయంత్రం ఆ కోడలి చేతి వంట తింటుంది. ఇద్దరికీ వంకలు మాత్రం సమానంగా పెడుతుంది. "అది ప్రాణం రా! మీ పౌరుషాలకు అది ఆగుతుందా?"

అప్పుడే తొట్టిలో అలజడి పుట్టింది. మీసాలాయన ఒళ్ళంతా ఒక్కసారి విదిలించాడు. ఇంత నోరు తెరిచి, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు.

పెద్దకోడలు అద్దానికి ఇంకా దగ్గరగా వంగింది. అవతలి వైపు చిన్నకోడలూ వంగింది. పక్కనే చిన్నోడి మొహం కూడా కనిపించింది.

మొదట పైకి తేలినవి చేప ముక్కలు. అంచులు కత్తెరతో కత్తిరించినట్టు తిన్నగా ఉన్నాయి. కత్తిరించింది కత్తెరతోనే. ఆ వీధిలో జాకెట్లు కుట్టే మనిషి ఒక్కతే ఉంది. పెద్దకోడలికి చెవులు వేడెక్కాయి.

వాటి వెనకే పొట్టు తీసిన రొయ్యలు వచ్చాయి. రొయ్యకు అంత అందంగా పొట్టు తీసే ఓపిక, బేకరీలో కేకుల మీద పూలు దిద్దే చిన్నకోడలికి తప్ప ఇంకెవరికుంటుంది? ఆమె పెదవి కొరుక్కుంది. తర్వాత తలా తోకా తియ్యని చిన్నచేపలు. ట్యాంకర్ నింపే చెరువుగట్టు దగ్గర దొరికే రకం అవి. చిన్నోడు పైకప్పు చూడటం మొదలుపెట్టాడు. తర్వాత మెత్తటి అరటిపండు ముక్క.

"అత్తయ్యా..." అంది పెద్దకోడలు.

"నేను తినలేక మిగిల్చింది అది," అంది అత్తగారు, ఏమాత్రం తొణక్కుండా. "పళ్ళు లేనిదాన్ని. ఆయనకీ లేవు. ఒకరికొకరం."

ఆ పరిస్థితిలోనూ చిన్నకోడలు కిసుక్కుమని నవ్వింది. నవ్వి చప్పున ఆపుకుంది.

అన్నిటికన్నా ఆఖరున, ఉండచుట్టుకుని, వానపాములు వచ్చాయి.

చిన్నోడు పెళ్ళాం వైపు చూశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. అత్తగారు వరండాలోంచి "ఇంకేం వచ్చాయ్?" అని అడిగింది.

పెద్దకోడలికి మాత్రం కళ్ళు తెరుచుకున్నట్టయింది. ఈ మధ్య మొగుడి టిఫిన్ డబ్బా తోముతుంటే మూత గాడిలో మట్టి. "అన్నం తింటున్నారా, పునాది తింటున్నారా?" అని ఎన్నిసార్లు దెప్పిందో! ఆయన నవ్వనైనా నవ్వకుండా చొక్కా తగిలించుకుని వెళ్ళిపోయేవాడు.

కుట్టుమిషను మీద ఇవాళ్టి డబ్బా ఉంది. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుంది. మూత తీస్తే ఇంకేం అడగక్కర్లేదు. కానీ అవతల తమ్ముడు చూస్తున్నాడు. తీస్తే ఈయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? తీయకపోతే ఈ తగువు సాగుతూనే ఉంటుంది, చేప పోతుంది, సాయంత్రానికి ఆ ఇటుకలు గోడెక్కుతాయి. ఆమె ఒక్క క్షణం ఊగిసలాడింది. తర్వాత డబ్బా మూత తియ్యకుండానే ఆయన చేతిలో పెట్టింది.

"పునాదులు తవ్వుతుంటే దొరికినవేనా?" అని మెల్లగా అడిగింది.

మేస్త్రి డబ్బా వైపు చూశాడు. గోడ వైపు చూశాడు. ఎప్పుడూ లేనిది, ఈసారి గోడకు చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు.

"పొద్దున్నే వాడు అద్దం అవతల నిలబడి టీ తాగుతాడు," అన్నాడు చివరికి. "ఊరికే నిలబడి చూస్తే ఏం బాగుంటుంది? చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా."

అద్దం అవతల చిన్నోడి మొహం కనిపించకుండా పోయింది. పక్కకు తప్పుకున్నాడు. ముక్కు చీదిన చప్పుడు మాత్రం వినిపించింది.

పెద్దకోడలికి ఏడుపూ నవ్వూ ఒకేసారి ముంచుకొచ్చాయి. అవతల ఎవరున్నారో చూడటానికి ఒకరు, ఎవరైనా కనిపిస్తారేమోనని ఒకరు, అందరూ మేత పట్టుకునే వచ్చారు. చేపను ప్రేమతోనే పొట్టన పెట్టుకోబోయారు.

"నేనూ అందుకే వేశాను," అంది ఆమె, సందులోకి నోరు పెట్టి. "ఆ రోజు అన్న మాట తప్పు. అప్పుడే చెబుదామనుకున్నా. మొహం చెల్లక చేప ముక్కలు వేస్తూ నిలబడ్డా."

అవతల చిన్నకోడలు ఎప్పటిలాగే తల వంచుకుంది.

మేస్త్రి డబ్బా పక్కన పెట్టాడు. మంచం కింది నుంచి సుత్తీ ఉలీ తీశాడు. స్టూలెక్కి, తొట్టి మీద పాత దుప్పటి కప్పి, సందు పక్కన మొదటి ఇటుక మీద ఉలి ఆనించాడు. చెయ్యి ఒక్కసారి ఆగింది. తర్వాత కొట్టాడు.

ఒక్క దెబ్బకే ఇటుక కదిలింది. అది నీళ్ళలో పడకుండా అవతలి నుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది. రెండో ఇటుకనూ పట్టుకుంది. మాట లేదు, పలుకు లేదు. ఈయన కొట్టడం, వాడు అందుకోవడం. ఎన్నో ఏళ్ళు కలిసి పనిచేసిన చేతులకు మాట్లాడాల్సిన అవసరం రాలేదు.

సగం పని అయ్యాక చిన్నోడు ఆగాడు.

"ఇటు వైపు బాగా ఒరిగింది ఇది."

"ఏది?"

"గోడ. మట్టం లేదు. పైకి వచ్చేసరికి రెండు వేళ్ళు వంకర."

వంకర అన్న మాటతోనే కదా ఈ ఇల్లు రెండయింది! మేస్త్రి సుత్తి దించి, ఒంటికన్ను మూసి, తాను కట్టిన గోడను కింది నుంచి పైదాకా చూశాడు. చాలాసేపు చూశాడు.

"కోపంలో కట్టాను," అన్నాడు. "ఎప్పుడు చూశావ్?"

"కట్టిన రోజే."

"చెప్పలేదేం?"

"ఎవరితో చెప్పను? గోడతోనా?"

మేస్త్రి పెదవుల చివర ఏదో కదిలింది. వెంటనే ఉలి ఆనించి మళ్ళీ కొట్టాడు. ఈ దెబ్బల్లో కసి లేదని పెద్దకోడలికి చప్పుడును బట్టే తెలిసింది.

ఇక ఆమె నిలబడలేదు. మీసాలాయన్ని వలతో ఎత్తకూడదు. ఆయన చిన్నగా ఉన్నప్పుడు ఒకసారి తొట్టి కడుగుతూ వలలో ఎత్తితే, రెక్కల ముళ్ళు చిక్కుకుని రక్తం కారింది. మిషను ముందు కూర్చుని, ఎవరో కర్టెన్లకు ఇచ్చిన మందపాటి గుడ్డ ముందుకు లాక్కుంది. ఇచ్చినవాళ్ళకు ఏం చెప్పాలో రేపు ఆలోచించుకోవచ్చు. రెండు కొసలూ ముడిచి ఉయ్యాలలా కుట్టింది. నాలుగు మూలలా చెయ్యి దూరేంత పట్టీలు వేసింది. బరువుకు ఊడిపోకుండా కుట్టు మీద కుట్టు వేసింది.

"నీళ్ళెక్కడున్నాయి?" అన్నాడు మేస్త్రి, దుమ్ము దులుపుకుంటూ.

"ఇంటి పక్క వీధిసందులో ట్యాంకర్ ఉంది. నిండా బోరునీళ్ళే, మందు వాసన కూడా ఉండదు," అన్నాడు చిన్నోడు. "వేరే వాళ్ళింటికి పొయ్యాల్సినవి. పోనీలే, నేను చూసుకుంటా."

గుడ్డ తడిపి, తొట్టిలోకి దించి, మీసాలాయన కింద నుంచి పోనిచ్చారు. ఇటు రెండు పట్టీలు మొగుడూ పెళ్ళాం, అటు రెండు పట్టీలు తమ్ముడూ మరదలూ పట్టుకున్నారు. ఎత్తగానే ఆయన తోక ఝాడించి నలుగురినీ నిలువునా తడిపేశాడు. ఆ కుళ్ళునీళ్ళ కంపుకు చిన్నోడు "అబ్బా" అన్నాడు.

"కొట్టాడు! ప్రాణం ఉంది!" అంది చిన్నకోడలు.

తొట్టి మీద తెరుచుకున్న కన్నంలోంచి చేప అవతలి వాటాలోకి దిగింది. దాని వెంట పట్టీలు వదలకుండా మేస్త్రీ దిగాడు, పెద్దకోడలూ దిగింది. గోడ లేచాక ఆ వాటాలో కాలు పెట్టడం వాళ్ళకదే మొదలు. అయితే అది గుర్తొచ్చే తీరిక ఎవరికుంది? బారెడు చేప చేతుల్లో గిలగిల్లాడుతోంది. అత్తగారు ముందు నడుస్తూ, "జాగ్రత్త! గడప! తల వంచండి! చేప తల కాదు, మీ తల!" అని దారి చూపింది.

ట్యాంకర్ పైమూత తెరిచి మీసాలాయన్ని లోపలికి వదిలారు. చీకట్లో బుడుంగుమంది. తర్వాత ఏ చప్పుడూ లేదు.

అయిదుగురూ ట్యాంకర్‌కు చెవులు ఆనించి నిలబడ్డారు. దారిన పోయేవాళ్ళు చూసి ఏమనుకున్నారో వాళ్ళకే తెలియాలి.

ముందు ఏమీ లేదు. అప్పుడు రేకు లోపల ఎక్కడో ఒక చివర చిన్నగా టక్కుమంది. కొంతసేపటికి రెండో చివర ఇంకొకటి, దానికంటే గట్టిగా.

"తిరిగాడు," అన్నాడు మేస్త్రి. కూలీల ముందు పులిలా గర్జించే మనిషి, ఆ ఒక్క మాట అని తుండుగుడ్డతో కళ్ళు తుడుచుకున్నాడు. "తిరిగాడే వీడు!"

ఖాళీ తొట్టిని అన్నదమ్ములు బయటికి మోసుకెళ్ళారు. హాల్లో గోడకు పెద్ద కన్నం మిగిలింది. ఇటు పెద్దకోడలు, అటు చిన్నకోడలు. మధ్యలో అద్దమూ లేదు, నీళ్ళూ లేవు.

చిన్నకోడలు ఆమెను కిందికీ పైకీ చూసింది.

"ఇంత చిక్కిపోయావేంటక్కా? నీళ్ళలోంచి లావుగా కనిపించేదానివి! బాగానే తింటోంది, నేను లేకపోయినా ఏం లోటు లేదు అనుకున్నా."

"నువ్వూ అంతే కనిపించావే," అంది పెద్దకోడలు. కన్నంలోంచి చెయ్యి చాచి ఆమె చెంప మీద అంటిన సున్నం తుడిచింది. చిన్నకోడలు ఆ చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"ఇదిగో!" పెరట్లోంచి మేస్త్రి గొంతు. "ఆ ఇటుకలు తడిపి ఉంచు!"

పట్టుకున్న చెయ్యి సడలింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇటుకలు తడపడమంటే కట్టుబడికి సిద్ధమవడమే. ఆ ఇంటి కోడళ్ళకు ఆ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

"దేనికండీ?" అని అడిగింది పెద్దకోడలు.

ఆయన అప్పటికే అవతలికి వెళ్ళిపోయాడు. ఆమె బకెట్టుతో పెరట్లోకి నడిచింది. ఇటుకల మీద నీళ్ళు పోస్తుంటే అవి చుయ్యిమని పీల్చుకున్నాయి. ఆపి అడగాలనుంది. అడిగితే ఆయన పౌరుషం మళ్ళీ లేస్తుందేమోనని భయం. పోస్తూనే ఉంది.

మేస్త్రి నూలుదారం ఉండ తీసుకుని వచ్చాడు. తమ వైపు చాకిరేవు బండ దగ్గర మేకు కొట్టి కొస కట్టాడు. ఉండ విప్పుకుంటూ పెరడు మధ్యదాకా నడిచి ఆగాడు. పెరట్లో గోడ లేదు. అయినా ఆ నడిమి గీత దాటి ఇన్నాళ్ళూ ఎవరూ చీపురు కూడా వెయ్యలేదు. సరిగ్గా అక్కడ ఆగాడు.

ట్యాంకర్ దగ్గర నుంచి చిన్నోడు చూస్తున్నాడు. దారం లాగి కట్టాలంటే రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఎన్ని ఇళ్ళ పునాదులకు గీత గీసి ముగ్గు పోసినా ఆ రెండో కొస ఎప్పుడూ వాడిదే.

"పట్టుకో," అన్నాడు మేస్త్రి. గోడతో కాదు.

చిన్నోడి జేబులో ఫోన్ మోగింది. తీసి చూశాడు. ట్యాంకర్ యజమాని. నీళ్ళు ఇంకా చేరలేదని అవతల ఎవరో గొడవ పెట్టుంటారు. బండి కదలాలంటే చేప దిగాలి, చేప దిగాలంటే దానికో చోటుండాలి. చిన్నోడు ఫోన్ వైపు చూశాడు, అన్న చేతిలోని దారం ఉండ వైపు చూశాడు. ఫోన్ మోగుతుండగానే జేబులో వేసుకుని వచ్చి, ఉండ అందుకున్నాడు.

"ఎందాకా పోను, అన్నయ్యా?"

అన్నయ్యా అన్న పిలుపుకు మేస్త్రి చేతిలోని దారాన్ని ఒకసారి సవరించాడు.

"కట్టే తొట్టిలో వాడు తిరగాలి కదరా. వెనక్కి పో."

చిన్నోడు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఇంకా పో."

పెద్దకోడలి చేతిలో బకెట్టు అలాగే ఆగిపోయింది. చిన్నోడు నడిమి గీత ఎప్పుడో దాటాడు. తన వాటా పెరట్లోకి, బట్టలారేసే తీగ కిందకు, ఇంకా వెనక్కి నడుస్తూనే ఉన్నాడు. వాడి జేబులో ఫోన్ ఆగి, మళ్ళీ మొదలైంది.

"ఇంకా, ఇంకా," అంటున్నాడు మేస్త్రి.

రెండు పెరళ్ళ మీదుగా దారం బిగిసింది.